అయిదోది

మే నెల రెండో ఆదివారం, ఆరాధన ముగిశాక
ఎస్తేరు పెద్దమ్మ పెద్ద జాడీ ఖాళీ చేయించేది.
ఆవఘాటు పోయేదాకా
చింతపండు పిప్పితో మూడుసార్లు తోమాలి నేను.
"పచ్చడి వాసనొచ్చిందో, ఈసారి నీ వీపు తోముతాను."

పర్లాకిమిడి ఆ వేళకి కాలిన పెనం.
మహేంద్రతనయ ఇసుకలో గేదెలు
నీళ్లు ఎటుండేవో మరిచిపోయి నిలబడేవి.
చేపల బజారు నుంచి ఊకలో చుట్టిన ఐసు దిమ్మని
సైకిలు వెనక కట్టి తెచ్చేవాణ్ని.
దారి పొడుగునా అది ఒక తడి గీత గీసేది.
ఇంటికి చేరేది సగం దిమ్మ, రోడ్డుకి మిగిలేది సగం.

సెరంగో కొండల మీంచి సొంబారి దిగేది,
గంపలో అనాసలు, అడుగున జీడిమామిడి పళ్లు.
బేరం మూడు భాషల్లో నడిచేది:
పెద్దమ్మ తెలుగులో తగ్గించమనేది,
సొంబారి సవరలో తనలో తాను తిట్టుకునేది,
ధర మాత్రం ఒడియాలో కుదిరేది.

క్రిస్మసుకి పులియబెట్టిన నల్లద్రాక్ష వైను
మూడు సీసాలు మంచం కింద గోనెలో ఉండేవి.
పాస్టరుగారికి తెలియదనుకునేవాళ్లం.
ఆయన ఏటేటా సరిగ్గా ఆ రెండో ఆదివారమే
మా ఇంటికి ప్రార్థనకి వచ్చేవారు.

తాత యోబు, చిన్నరైలు ఇంజినీరు దొర బంగళాలో బట్లరు.
ఏదీ కాగితం మీద పెట్టలేదు, వేళ్ల మీద చెప్పాడు:
మత్తొకటి, పులుపొకటి, తీపొకటి, నీళ్లొకటి.
బొటనవేలు మడిచే ఉంచాడు.
మడిచిన వేలుతోనే పోయాడు.

"అయిదు కలిస్తేనే పంచ్ రా," అనేది పెద్దమ్మ
అనాస కళ్లు చాకు మొనతో పీకుతూ.
"పంచాయితీలో ఉన్న పంచే, పంచదారలో ఉన్న పంచే.
ఓడ దిగినోళ్లు మన నిమ్మకాయ చూశారు, మన బెల్లం చూశారు,
మన అంకెనే గ్లాసులో పోసుకుని పట్టుకుపోయి
మళ్లీ దొరసరుకని మనకే చూపించారు."
కాదు, అది పీపాకి పేరు అనేవాడు
పక్కింటి కాలేజీ మాస్టారు దండపాణి బాబు.
తాత ఏనాడూ పీపాలో కలపలేదు గనక
పెద్దమ్మ ఆ మాట ఒప్పుకోలేదు.
ఆయన గ్లాసు మాత్రం ఖాళీగా ఉంచలేదు.

అయిదోదాని కోసం ఎన్ని ఏళ్లు వెతికిందో!
ఒక ఏడు దాల్చినచెక్క, ఒక ఏడు జాజికాయ,
శొంఠి వేసిన ఏడు పిల్లలం తుమ్ముతూనే ఉన్నాం,
టీ డికాక్షను పోసిన ఏడు
వీధంతా తెల్లారేదాకా మేలుకునే ఉంది.
ప్రతిసారీ గరిటె వెనక అంటిన చుక్క నాకి
"నాన్న చేతిది కాదు" అనేది.
నాన్న కూడా అలాగే రుచి చూశాడట, పదహారేళ్లు.
గ్లాసులో పోసుకుని, కూర్చుని, ఒక్కసారీ తాగలేదట.

ఒక వేసవి, చిల్లర కోసం అరుగు మీద ఆగిన సొంబారికి
పెద్దమ్మ స్టీలు గ్లాసు నిండా పోసిచ్చింది.
సొంబారి తాగింది. పెదాలు చప్పరించింది.
"తియ్యగుంది. పుల్లగుంది. అడివి లేదు," అంది.
కొంగు ముడి విప్పి గుప్పెడు ఎండు ఇప్పపూలు
అరుగు మీద పోసి, గంప ఎత్తుకుని పోయింది.
"కొండపువ్వు దొర గ్లాసులోకా!" అని పెద్దమ్మ నవ్వింది.
ఆ రాత్రి నీళ్ల కోసం లేచి చూశాను,
జాడీ మూత తీసి గుప్పిట విప్పుతోంది.

పొద్దున గరిటె పక్కన పెట్టేసి
గ్లాసు తెచ్చుకుంది, పీట వాల్చుకుంది, కూర్చుంది.
సగం తాగి తన బొటనవేలు కేసి చూసుకుంది.
"అదేనా పెద్దమ్మా?"
"కాదు," అంది.
కాసేపాగి, "ఇంకొంచెం పొయ్యి."

మరుసటేడు బేరం మళ్లీ మూడు భాషల్లోనే,
ఒక్క పైసా ఎవరూ వదల్లేదు.
కాకపోతే ముందు గ్లాసులు కడిగి,
ఆ తర్వాత మొదలుపెట్టారు.